దక్షిణం గుమ్మం ఇంట్లో 46వ గది: నా 2025 ఆటలు

డిసెంబరు రాగానే గేమ్‌లు ఆడేవాళ్ళందరూ లెక్కలు తీస్తారు. ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు, పదో ర్యాంకు. నావల్ల కాదు. కస్టమ్స్ క్లియరెన్స్ ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చేసేది వరుస నంబర్లు చూసుకోవడమే. ఇంటికొచ్చి కూడా అదే పనంటే ఓపిక లేదు. కాబట్టి ఏది ముందు గుర్తొస్తే అది రాస్తాను.

మార్చిలో నా మానిటర్ పోయింది. కొత్తది కొనేదాకా అనుకుని లాప్‌టాప్‌ని హాల్లో టీవీకి తగిలించాను. కొత్తది ఇప్పటికీ కొనలేదు. దాంతో గాజువాకలో మా చిన్న ఫ్లాట్‌లో గేమ్ ఆడటమనేది గది తలుపేసుకుని చేసే పని కాకుండా పోయింది. అమ్మ సీరియల్ అయిపోవాలి, ఆ తర్వాత టీవీ నాది. ఇదీ ఒప్పందం. నీళ్ళకని, మాత్రకని, ఫోన్ ఛార్జర్‌కని హాల్లోకి వచ్చినవాళ్ళు తెర వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోవడమో, ఆగి కూర్చోవడమో జరుగుతుంది. ఈ ఏడాది నాకు బాగా నచ్చినవి ఏవి అని చూసుకుంటే, దాదాపు అన్నీ మనుషులు ఆగి కూర్చున్న ఆటలే.

అందులో మొదటిది, ర్యాంకు కాకపోయినా మొదటిదే, ‘బ్లూ ప్రిన్స్’. ఏప్రిల్ 10న వచ్చింది. టోండా రోస్ అనే ఆయన ఎనిమిదేళ్ళు దాని మీదే కూర్చున్నాడు. కథ చిన్నది. సైమన్ అనే పద్నాలుగేళ్ళ గుంటడికి తాత వరసయ్యే ఒకాయన మౌంట్ హాలీ అనే పెద్ద బంగళా రాసిచ్చి పోతాడు. కానీ షరతు ఉంది. 45 గదుల ఆ ఇంట్లో 46వ గది ఎక్కడుందో కనిపెడితేనే ఇల్లు వాడిది.

చిక్కేమిటంటే ఆ ఇంట్లో గదులు ముందే ఉండవు. తలుపు తియ్యబోతే మూడు ప్లాన్‌లు చూపిస్తుంది. ఒకటి ఎంచుకుంటే ఆ గది అక్కడ వెలుస్తుంది. అడ్డంగా అయిదు, నిలువుగా తొమ్మిది గళ్ళు. పొద్దున్నే చేతిలో 50 అడుగులు పెడతారు, గదిలోకి వెళ్ళినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. అడుగులు అయిపోయినా, ముందుకు పోయే తలుపులన్నీ మూసుకుపోయినా ఆ రోజుకి ఆట కట్టు. తెల్లారితే ఇల్లు మళ్ళీ ఖాళీ.

నాన్న హిందుస్థాన్ షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. టీ-స్క్వేరు, సెట్ స్క్వేర్లు, ట్రేసింగ్ పేపరు, ప్రింట్ల గదిలో అమ్మోనియా ఘాటు. ఆయన ఉద్యోగం గురించి నాకు తెలిసింది ఇదే. ఆటోక్యాడ్ వచ్చాక కూడా ముందు కాగితం మీద గీసుకున్నాకే కంప్యూటర్ ముందు కూర్చునేవారట. నేను ఏ గేమ్ ఆడినా పట్టించుకోని మనిషి. ఆ రాత్రి బీపీ మాత్ర వేసుకోడానికి వచ్చి, టీవీలో నీలం మీద తెల్ల గీతలతో ప్లాన్‌లు కనబడేసరికి గ్లాసు పట్టుకునే నిలబడిపోయారు.

“ఏటే ఇది?”

“గేమ్ నాన్నా.”

“గేమేటి, ఫ్లోర్ ప్లాన్ కదా అది. మూడోదానికి ఎడం పక్క తలుపు లేదు, చూశావా?”

నేను చూడలేదు. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి టీపాయ్ మీద ఒక గ్రాఫ్ నోటుబుక్కు, పక్కన చెక్కిన రెండు పెన్సిళ్ళు. మొదటి పేజీలో అయిదు బై తొమ్మిది గళ్ళు స్కేలు పెట్టి గీసి ఉన్నాయి. తర్వాతి పేజీల్లో మేం చూసిన ప్రతి గదీ, దానికి తలుపులెన్ని, ఏ వైపు. దారి ముగిసిపోయే గదులకి ఎర్ర ఇంకు.

మా ఇద్దరి పద్ధతులూ వేరు. నేను గదిలో ఏం దొరుకుతుందో చూసి ఎంచుకుంటాను. తాళంచెవులు, రత్నాలు, నాణేలు, ఏదైనా సరే. ఆయన తలుపులు మాత్రమే చూస్తారు. “ముందు దారి, తరవాత సామాను. ఓడలో కూడా అంతే. మనిషి బయటపడే దారి ముందు గీస్తారు, మంచం తరవాత” అన్నారు ఒకసారి. చిన్నప్పటి నుంచి ఆయన రోజూ ఏం గీసేవారో నేనెప్పుడూ అడగలేదు. ఈ గేమ్ పుణ్యమా అని జలాంతర్గామి రిపేర్ల గురించి, ఓడ గోడల మధ్య పైపులు దూర్చే తిప్పల గురించి చాలా విన్నాను. మధ్యలో ఆట ఆగిపోయేది. నాకేం తొందర?

ఇక అమ్మ. మ్యాపులో పైవైపు ఉత్తరం. మనం లోపలికి వచ్చేది కింది నుంచి. ఇది తెలియగానే అమ్మ తీర్పు చెప్పేసింది: “దక్షిణం గుమ్మం ఇల్లు. ఆ ముసలాయన అందుకే పోయాడు.” అప్పటి నుంచి వంటింట్లోంచే సలహాలు. ఈశాన్యంలో మరుగుదొడ్డి పెట్టావేటే అని ఒకరోజు, బాయిలర్ గది ఆగ్నేయంలో ఉండాలి కదా అని ఇంకోరోజు. సరే, ఆవిడ ముచ్చట కూడా తీర్చేద్దామని ఒక ఆదివారం పూర్తిగా వాస్తు ప్రకారం కట్టాం. నాలుగో వరుస దాటలేదు. రాహుకాలంలో మొదలెట్టారు, నన్నేం చెయ్యమంటారంది.

కానీ ఒకచోట మాత్రం ఆవిడని మించినవాళ్ళు లేరు. పార్లర్ అనే గదిలో మూడు పెట్టెలు ఉంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. కనీసం ఒకటి నిజం, కనీసం ఒకటి అబద్ధం. రత్నాలు ఏ పెట్టెలో ఉన్నాయో చెప్పాలి. నేను తెలుగులో చదివి వినిపించేదాన్ని, అమ్మ బెండకాయలు తరుగుతూ జవాబు చెప్పేది. “ఇద్దరు పిల్లల్ని పెంచాను, అబద్ధమాడేదెవరో ఆమాత్రం తెలీదా” అని పైగా ఒక మాట.

46వ గది జూన్ 21న దొరికింది. తేదీ గుర్తుండటానికి కారణం ఉంది. ఆ రోజు యోగా దినోత్సవానికి ప్రధాని వచ్చారు. ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా రోడ్డంతా చాపలు పరిచేశారు. బయటికెళ్ళే పని పెట్టుకోకుండా ఇంట్లోనే కూర్చున్నాం. ఆ గదిలో ఏముందో చెప్పను. చెప్పినా పెద్దగా నష్టం లేదనుకోండి. ఎందుకంటే ఈ ఆటలో అసలు చిక్కుముడులు ఆ గది దొరికాకే మొదలవుతాయి. గోడల మీద బొమ్మలు, ఉత్తరాలు, లెక్కలు, ఒకదాంట్లోంచి ఇంకోటి. అక్టోబరు 28న మోంథా తుపాను తీరం దాటిన రాత్రి కరెంటు పోతే, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేశాక, నాన్నా నేనూ ఎమర్జెన్సీ లైటు కింద ఉత్త నోటుబుక్కుతోనే కూర్చుని ఒక చిక్కు విప్పాం. తెర లేకుండా కూడా ఆడగలిగిన వీడియో గేమ్ నాకు ఇదొక్కటే.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. రోజు మధ్యలో సేవ్ చేసుకోనివ్వదు. కరెంటు మీద నమ్మకం ఉన్న దేశాల్లో అది చెల్లుతుందేమో. ఇంకొకటి, చివర్లో మనకి ఏ గది కావాలో కచ్చితంగా తెలుసు, అక్కడేం చెయ్యాలో తెలుసు, కానీ ఆ ప్లాన్ రాదు. రోజుల తరబడి రాదు. అదృష్టం మీద అంత భారం వెయ్యడం నాకు నచ్చలేదు. నాన్న మాత్రం “స్టోర్సు నుంచి మెటీరియల్ ఎప్పుడు అడిగినా టైముకి వచ్చేదేటి?” అని సర్దుకున్నారు.

మధ్యలో ఆగస్టులో ఒక గొడవ. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది కదా. పేపర్లో పెద్ద అక్షరాలతో హెడ్డింగు చూసి అమ్మకి టెన్షన్. “ఆ కేబుల్ తీసెయ్యి, ఎవరైనా చూస్తే?” రమ్మీ యాప్‌లకీ బంగళా గేమ్‌కీ తేడా చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆఖరికి నాన్న చట్టం వార్త మొత్తం గట్టిగా చదివి, ఇ-స్పోర్ట్స్‌ని ప్రభుత్వమే గుర్తించిందని ఉన్న వాక్యం దగ్గర రెండుసార్లు ఆగాక ఊరుకుంది.

‘సిల్క్‌సాంగ్’ సెప్టెంబరు 4న, మన టైము రాత్రి ఏడున్నరకి విడుదలైంది. 2019లో ప్రకటించిన గేమ్, ఆరేళ్ళు పైనే ఎదురుచూపు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ముగ్గురు నలుగురు ఉండే టీమ్ చెర్రీ చేసిన ఆట కోసం ప్రపంచమంతా ఒక్కసారే ఎగబడేసరికి గేమ్‌లు అమ్మే స్టీమ్‌తో పాటు మిగతా ఆన్‌లైన్ స్టోర్లు కూడా కుదేలయ్యాయి. మా వీధిలో సరిగ్గా అదే టైముకి తొమ్మిదో రోజు గణపతి నిమజ్జనానికి కదిలాడు. ఇక్కడ పేమెంట్ పేజీ గిర్రున తిరుగుతోంది, అక్కడ డీజేకి కిటికీ అద్దాలు ఊగుతున్నాయి. బెంగళూరు నుంచి తమ్ముడు ఫోన్ చేసి “అక్కా, నీకు వచ్చిందా?” అని అరుస్తున్నాడు, నాకేం వినబడటం లేదు.

నిజం చెప్పాలంటే నేను ఈ ఆటని మెచ్చుకుంటాను, కానీ ప్రేమించలేదు. చేతిపని మాత్రం అద్భుతం. మనం ఆడించే హార్నెట్ కదలిక, ఫార్లూమ్ అనే ఆ రాజ్యం, పాట పాడుకుంటూ మ్యాపులు అమ్మే షక్రా. ఆమె పాట దూరం నుంచి వినబడితే చాలు, ఇక్కడెక్కడో మ్యాపు దొరుకుతుందని ప్రాణం లేచొస్తుంది. కానీ అయిదు మాస్కుల ప్రాణంతో మొదలెట్టించి, ఒక్కో దెబ్బకి రెండేసి లాక్కుంటే ఆఫీసు నుంచి వచ్చిన మనిషి ఏం కావాలి? హంటర్స్ మార్చ్ అనే చోట చచ్చీ చెడీ, కూర్చుని ప్రాణం నింపుకునే ఒక బెంచీ దగ్గరికి చేరి, హమ్మయ్య అని కూర్చుంటే అది కూడా ఉచ్చే. ఆ బెంచీ పెట్టినవాడి మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది.

దసరాకి తమ్ముడు వచ్చాక కంట్రోలర్ వాడికి ఇచ్చేశాను. లాస్ట్ జడ్జ్ అనే బాస్, అంటే పెద్ద శత్రువు దగ్గర వాడు పడ్డ పాట్లు మా ఇంట్లో అందరూ చూశారు. ఓడిపోయిన ప్రతిసారీ దూరం నుంచి మళ్ళీ పరుగెత్తుకు రావాలి, మధ్యలో ఎగిరే పురుగులు. పైగా ఆ జడ్జి చచ్చిపోతూ కూడా పేలుతుంది. గెలిచానని వాడు గాల్లోకి చెయ్యి ఎత్తిన క్షణంలోనే పేలింది. అమ్మ పూజ గదిలోంచి పరుగెత్తుకొచ్చింది, వాడి అరుపుకి.

పక్కన ఎవరూ లేకుండా ఆడింది ఒకటుంది, ‘డెస్పెలోటే’. మే 1న వచ్చింది, రెండు గంటల్లో అయిపోతుంది. ఈక్వెడార్ రాజధాని కీటో, 2001వ సంవత్సరం, హూలియన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రాడు. ఆట తయారుచేసినవాళ్ళలో ఒకరైన హూలియన్ కోర్డెరో తన బాల్యమే తీసుకుని అల్లాడు. ఆ ఏడాది ఈక్వెడార్ ఫుట్‌బాల్ జట్టు మొదటిసారి ప్రపంచ కప్పుకి అర్హత సాధించే దారిలో ఉంది. దేశం అప్పటికే బ్యాంకులు కూలిపోయి, సొంత కరెన్సీ వదిలేసి డాలర్లకి మారిన పరిస్థితి. కానీ పిల్లవాడికి ఇవేం పట్టవు. పార్కులో బంతి తంతూ తిరగడం, అమ్మ చెప్పిన టైముకి తిరిగి రావడం (వాచీ చూసుకోవాలి, గేమ్ గుర్తుచెయ్యదు), పెద్దవాళ్ళ మాటలు చెవిన పడటం, అంతే ఆట. ఫొటోలని గరుకు చుక్కలుగా మార్చినట్టు వీధులు, వాటి మధ్య గీతలతో గీసిన మనుషులు. కీటోలో నిజంగా రికార్డు చేసిన వీధి చప్పుళ్ళు. బంతి ఎవరి మీదికో వెళ్తే తిడతారు.

నవంబరు 7న ఉరుగ్వేతో 1-1 డ్రా. ఈక్వెడార్ తరఫున కవియెడెస్ తలతో కొట్టిన గోల్. ఆ మ్యాచ్ ఫలితం ముందే తెలిసి కూడా నేను కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాను.

ఎందుకంటే నాకూ ఒక 2005 ఉంది. ఏప్రిల్ 5, పాకిస్తాన్‌తో వన్డే, మన విశాఖలోనే, మధురవాడ దగ్గర స్టేడియంలో. అప్పటికి మేం గాంధీగ్రామ్‌లో షిప్‌యార్డు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాకు పదమూడేళ్ళు. జులపాల జుట్టేసుకుని ధోనీ అనే కొత్తవాడు మూడో స్థానంలో దిగి 123 బంతుల్లో 148 కొట్టాడు. మా ఊరి మ్యాచే కానీ స్టేడియం మాకు ఊరికి ఆ చివర. మాకు తెలిసింది శబ్దమే. క్వార్టర్స్‌లో ప్రతి కిటికీలోంచీ ఒకే అరుపు, కానీ కేబుల్ ఉన్న ఇంట్లో ఒక క్షణం ముందు, దూరదర్శన్ ఉన్న ఇంట్లో ఒక క్షణం తర్వాత. అందుకని ఫోరు పడిందో వికెట్ పడిందో మా టీవీ చూపించేలోపే పక్కింటివాళ్ళు చెప్పేసేవారు. ఆ తర్వాత నెలల పాటు కాలనీ గుంటలు ఎవరూ జుట్టు కత్తిరించుకోలేదు. ‘డెస్పెలోటే’ పట్టుకున్నది సరిగ్గా దీన్నే. మ్యాచ్ అనేది మైదానంలో కాకుండా వీధుల్లో, షాపుల ముందు, వేరే మాటల మధ్యలో జరుగుతుంది. క్రికెట్ మీద ఇలాంటి గేమ్ మనవాళ్ళెవరైనా చేస్తే బాగుండు. బ్యాట్ పట్టుకుని కొట్టే ఆటలు చాలానే ఉన్నాయి, కిటికీ అవతల నిలబడి వినే ఆట ఒక్కటీ లేదు.

ఇంతకీ ఆ స్టేడియంలో నేను కూర్చుని మ్యాచ్ చూసింది ఈ అక్టోబరు 12నే, మహిళల ప్రపంచ కప్పులో ఆస్ట్రేలియాతో ఆడినప్పుడు. 330 కొట్టి కూడా ఓడిపోయాం. మూడు వారాలకి కప్పు మనదే అయింది కాబట్టి ఇప్పుడు నవ్వుతూ చెప్పుకోవచ్చు.

‘ఎక్స్‌పెడిషన్ 33’ గురించి అందరూ రాసేశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఫ్రాన్స్‌లోని మోంపెల్లియేలో శాండ్‌ఫాల్ అనే కొత్త స్టూడియో చేసిన ఆట. లూమియేర్ అనే ఊరి ఎదుట, సముద్రం అవతల ఒక రాతి స్తంభం. పెయింట్రెస్ అనే ఆవిడ ఏటా దాని మీద ఒక అంకె రాస్తుంది, ఆ వయసువాళ్ళంతా పూలరేకుల్లా రాలి మాయమైపోతారు. ఏడాదికొకటి చొప్పున అంకె తగ్గుతూ వస్తోంది, ఇప్పుడు 33. అమ్మ మొదటి అరగంట కథ చూసి, “నీకెన్నేళ్ళే ఇప్పుడు?” అని అడిగి, నేను జవాబు చెప్పకుండానే లేచి వెళ్ళి ఉప్పు తెచ్చి దిష్టి తీసింది. ఈ ఏడాదే నాకు 33 నిండాయి మరి.

ఆ తర్వాత అమ్మకి అది సీరియల్ అయిపోయింది. నేను ఒక్కదాన్నే ముందుకి ఆడేస్తే ఊరుకునేది కాదు. ఎర్ర జుట్టు పిల్ల ఏమైంది, ఆ బొద్దుగా ఉండే ఎస్కీ మళ్ళీ ఎప్పుడొస్తాడు అని ఆరా. యుద్ధాలు మాత్రం ఆవిడకి విసుగు. నాకు అవే ఇష్టం. వంతులవారీ యుద్ధమే, కానీ శత్రువు కొట్టేటప్పుడు సరిగ్గా ఆ క్షణానికి బటన్ నొక్కి దెబ్బ తిప్పికొట్టాలి. కళ్ళతో చూసి నొక్కితే ఆలస్యమైపోతుంది, చెవితో వింటే తాళం దొరుకుతుంది. ముగింపులో రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. అమ్మ ఒకటంది, నేను రెండోది నొక్కాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

‘పీక్’ గురించి నాలుగు మాటలు చాలు. విమానం కూలి దీవిలో పడ్డ నలుగురు స్కౌట్లు కొండెక్కాలి, అంతే. మాకు ఆదివారం పొద్దున్న, డల్లాస్‌లో ఉన్న పెద్దనాన్న కొడుక్కి శనివారం రాత్రి. అన్నయ్య, హైదరాబాదులో పిన్ని కూతురు, తమ్ముడు, నేను. జులైలో అమ్మతో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచి, పిక్కలు పట్టేసి మంచం మీద కూర్చుని మరీ ఆడాను. దూరమైన కొద్దీ అవతలివాడి గొంతు చిన్నదైపోతుంది. లోయలో పడిపోతూ అన్నయ్య పెట్టిన కేక సన్నబడి సన్నబడి ఆగిపోతే మేం ముగ్గురం జాలి పడాల్సింది పోయి పడీ పడీ నవ్వాం. ఆకలి మరీ ముదిరితే పక్కవాళ్ళు కాల్చిన కోడిలా కనబడతారు. పిన్ని కూతురు శాకాహారి. ఆ పిల్లే ముందు మా మీదికొచ్చింది.

డిసెంబరు 12 పొద్దున్న మన టైముకి గేమ్ అవార్డులు వచ్చాయి. ‘ఎక్స్‌పెడిషన్ 33’కి తొమ్మిది, ఏడాది మేటి ఆట కూడా అదే. తొలి ఇండీ గేమ్ (చిన్న స్వతంత్ర స్టూడియోల మొదటి ఆట) విభాగంలో నావి మూడూ ఒకే పోటీలో ఉన్నాయి: అదీ, ‘బ్లూ ప్రిన్స్’, ‘డెస్పెలోటే’. అక్కడా అదే గెలిచింది. నాన్నకి ఇది మింగుడు పడలేదు. “ముప్పై మంది పైన కలిసి కట్టిన ఇంటినీ, ఒకరిద్దరు కట్టిన ఇంటినీ ఒకే టెండర్లో ఎలా పెడతారు?” అని ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేశారు. ఈ మాటే ఇంటర్నెట్‌లో జనం వేల కొద్దీ కామెంట్లలో కొట్టుకున్నారు. అమ్మ మాత్రం ఎర్ర జుట్టు పిల్ల గెలిచిందని పక్కింటావిడకి కూడా చెప్పింది.

‘హేడిస్ 2’ ఇంకా ముట్టుకోలేదు. ‘సిల్క్‌సాంగ్’ తమ్ముడు దసరాకి ఎక్కడ వదిలాడో అక్కడే ఉంది, నేను కదిపితే ఒప్పుకోడు. సంక్రాంతికి వస్తున్నాడు. ఈలోపు రెండో కంట్రోలర్ కొనాలి. ‘స్ప్లిట్ ఫిక్షన్’ మార్చి నుంచి ఎదురుచూస్తోంది, అది ఇద్దరు లేకుండా మొదలే కాదు. వాడు రాకపోతే నాన్నని కూర్చోబెడతాను, కానీ ఆయన నోటుబుక్కు ఇంకా నిండలేదట.